పెన్నాలో దెయ్యం చేపలు పట్టినవాళ్లకి డబ్బులిస్తే పనవుతుందా?

పెన్నా_ఒడ్డు అడిగిన ప్రశ్న:

మాది నెల్లూరు, రంగనాయకులపేట వైపు. సాయంత్రం పెన్నా ఒడ్డున గాలాలేసుకుని కూర్చునేవాళ్లు, విసురు వలలేసేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఈ ఎండాకాలం వాళ్ల పక్కన ఇసుకలో నల్లగా మచ్చలుండి ఒళ్లంతా పెంకులున్న చేపలు పడేసి ఉంటున్నాయి. దెయ్యం చేప అంటారే, అక్వేరియం అద్దానికి నోరు అతికించుకుని ఉంటుంది, అదే. మొన్న ఒక పెద్దాయన వలలోంచి ఒకదాన్ని తీయడానికి నానా తంటాలు పడ్డాడు. వీపు మీద ముల్లు నిక్కబొడుచుకుని వల కళ్లలో ఇరుక్కుపోయింది, లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంది, చివరికి కత్తి తీసుకుని వలనే కోసుకున్నాడు. చేప అప్పటికీ తోక ఆడిస్తానే ఉంది. "పొద్దున్నించి ఇవే పడతా ఉండాయి సార్, కొర్రమీను కనపడి ఎన్నాళ్లయిందో" అన్నాడు. తెగిన వలకి ఆయనకి ఎవరిస్తారు డబ్బులు?

అమెరికాలో కొలంబియా నది మీద చేపకి ఇంత అని గాలం వేసేవాళ్లకి డబ్బులిచ్చే పథకం 1990 నుంచి నడుస్తోందని చదివాను. మా కాలనీలో కొంతమందిమి కలిసి నెలకి కొంత వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. చేపకి 20 రూపాయలు అనుకుంటున్నాం. గాలాలేసే కుర్రాళ్లకి చెబితే రేపటి నుంచే మొదలుపెడతారు. ఇది నిజంగా పనికొచ్చేదేనా, రేటు అలాగే పెట్టాలా, ఎవరి అనుమతైనా కావాలా? తెలిసినవాళ్లు చెప్పండి. నాకైతే ఈ నదిలో బొమ్మిడాయి, కొర్రమీను మళ్లీ పడితే చాలు.

ముత్తుకూరు_విద్యార్థి:

అన్నా, నేను ఫిషరీస్ చదువుతున్నా. ముందు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఈ చేప గాలానికి దాదాపు పడదు. రాళ్ల మీద, మునిగిన కట్టెల మీద పట్టిన నాచుని, అడుగున పేరుకున్న బురదని నోటితో గీకి తింటుంది. ఎర్రలు గుచ్చినా, పిండి ముద్ద పెట్టినా పట్టించుకోదు. కాబట్టి గాలాలేసే కుర్రాళ్లకి చేపకి 20 ఇస్తామంటే ఒక వారం కూర్చుని, ఏమీ పడక లేచిపోతారు. లేదంటే ఎక్కడో పట్టింది తెచ్చి చూపిస్తారు. దీన్ని పట్టాలంటే వల కావాలి, లేదా నీళ్లు తగ్గినప్పుడు చేత్తో పట్టాలి. టెక్సస్‌లో శాన్ మార్కోస్ అని ఒక ఊరు, ఊరి మధ్యలోంచే నది పారుతుంది. అక్కడ కూడా ఇలాంటి పెంకుల చేపే బెడద. నీళ్లలోకి దిగి ఈటెలతో పొడిచి తీస్తారు, పోటీలు పెట్టి బహుమతులు ఇస్తారు. అక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయి కాబట్టి కుదిరింది. మన పెన్నాలో మురుగు కలిసిన చోట అరచేయి కూడా కనపడదు.

మీరు చెప్పిన కొలంబియా పథకం గురించి కూడా కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ పట్టేది బయటి చేప కాదు, ఆ నదిదే, పైక్‌మిన్నో అంటారు. ఆనకట్టలు కట్టాక సాల్మన్ పిల్లలు కిందికి దిగే దారిలో కాచుకుని తినేస్తోందని దాని మీద రేటు పెట్టారు. డబ్బులిచ్చేది ఆ ఆనకట్టల కరెంటు అమ్మే బోనవిల్ పవర్ అనే సంస్థ. 9 అంగుళాలు దాటిన చేపకే డబ్బులు. మొదటి చేపలకి తక్కువ, ఎక్కువ పట్టేకొద్దీ రేటు పెరుగుతుంది, 6 డాలర్ల నుంచి 10 డాలర్ల దాకా. ట్యాగు వేసి వదిలిన చేప దొరికితే 500. ఒక్క సీజన్‌లో లక్ష డాలర్లు దాటి సంపాదించినవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పటికి 50 లక్షలకి పైగా చేపలు తీశారు, సాల్మన్ పిల్లల్ని తినడం సుమారు 40 శాతం తగ్గిందని వాళ్ల అంచనా. కానీ ఆ చేపని నదిలో లేకుండా చేద్దామని వాళ్లు ఏ రోజూ అనుకోలేదు. ఏటా పెద్దవాటిలో పదీ ఇరవై శాతం తీసేస్తే చాలని లెక్కేసుకున్నారు. ముప్ఫై ఏళ్లు దాటినా ఇంకా ఇస్తూనే ఉన్నారు. అంటే ఇది ఏటా పెట్టే ఖర్చు. ఒకసారి పెట్టి వదిలేస్తే కుదరదు, మీ కాలనీ వాళ్లకి ఈ మాట ముందే చెప్పండి.

ఇక మన చేప సంగతి. ఒడ్డున మట్టిలో మీటరు లోతు దాకా బొరియ తవ్వుతుంది, ఆడది అందులో గుడ్లు పెడుతుంది, మగది లోపలే ఉండి కాపలా కాస్తుంది. ఒక్కో ఈతకి వందల నుంచి వేల గుడ్లు. నీటిలో ఆక్సిజన్ పడిపోతే కట్ల, రోహు, పరిగెలు తేలిపోతాయి, ఇది మాత్రం పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. ఊరి మురుగు కలిసే చోట్లనే ఇది ఎందుకు ఎక్కువగా ఉందంటే కారణం అదే. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు చెరువుల నీళ్లు తీసుకుని అందులో ఉన్న డీఎన్ఏని బట్టి వెతికితే తూర్పు కనుమల్లో చూసిన నీటి వనరుల్లో సగానికి పైగా ఇది ఉన్నట్టు తేలింది. మెక్సికోలో ఇన్‌ఫియర్నిల్లో అనే రిజర్వాయర్‌లో జిలేబీ చేపల వేట మీద బతికే ఊళ్లకి ఊళ్లే దీనివల్ల దెబ్బతిన్నాయి. వలల నిండా ఇదే, అమ్ముకోవడానికి లేదు.

నేను ఎక్కువ భయపడేది పక్షుల గురించి. నేలపట్టు గూడబాతులు పిల్లలకి మేత కోసం మన చెరువుల మీదికి వస్తాయి. ఈ చేపని మింగితే ముళ్లు తెరుచుకుని గొంతులో ఇరుక్కుంటాయి. ప్యూర్టోరికోలో గూడబాతులు అలా చనిపోయినట్టు రికార్డయింది. పిల్ల కోసం మేత పట్టుకెళ్లే తల్లి పక్షి అలా చచ్చిపోతే గూట్లో పిల్లలు కూడా పోతాయి. అందుకే పట్టడం మొదలుపెట్టాల్సిందే అంటాను, ఎవరు పడతారు, దేనికి డబ్బులిస్తారు అన్నది మాత్రం మార్చండి.

చెరువు_సభ్యుడు:

అనుమతి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. నది వేరు, చెరువు వేరు. చెరువులు మత్స్యకార సంఘాలకి లీజులో ఉంటాయి. పిల్ల వేసేది మేము, మేత వేసేది మేము, కాపలా మేము. మీ కుర్రాళ్లు దెయ్యం చేప కోసం వచ్చామని వల తెచ్చి మా చెరువులో దింపితే మేం దొంగతనం కిందే లెక్కేస్తాం, ఏమీ అనుకోవద్దు. రాత్రిపూట ఎవరి సంచిలో కట్ల ఉందో, ఎవరి సంచిలో దెయ్యం ఉందో టార్చి వేసి చూస్తా కూర్చోలేం కదా. స్వర్ణాల చెరువైనా ఇంకేదైనా, ముందు సంఘంతో మాట్లాడండి.

మాకు దీనితో తంటా మీకన్నా ఎక్కువే. వల ఒకసారి చిరిగితే అల్లుకోవడానికి రెండు పూటలు పోతాయి, ఆ రెండు పూటలూ వేట లేదు. చేపకి 20 మీరు ఎవరికో ఇచ్చేకన్నా, మా వలలో ఎలాగూ పడేవాటిని కిలోకి ఇంత అని కొనండి. మేం ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, విసుగొచ్చి మళ్లీ నీళ్లలోకే విసిరేస్తున్నాం. దాన్ని ఒడ్డుకి మోసుకొచ్చినందుకు పది రూపాయలు వస్తాయంటే ఎవరూ విసిరెయ్యరు. మాకు వేరే పథకం అక్కర్లేదు, ఇదొక్కటి చాలు.

కావలి_నుంచి:

చెరువు సభ్యుడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను యానాది కాలనీల్లో పిల్లల చదువుల పని మీద తిరుగుతుంటాను, ఇంకొక కోణం చెబుతా.

మన జిల్లాలో జీవాన్ని పట్టినందుకు డబ్బులివ్వడం కొత్తేమీ కాదు. వరి పొలాల్లో ఎలకలు పడితే రైతులు యానాదుల్ని పిలుస్తారు, ఎలకకి ఇంత అనో, ఎకరానికి ఇంత అనో మాట్లాడుకుంటారు. కుండలో ఎండు గడ్డి వేసి పొగ పెట్టి, ఆ పొగని బొక్కలోకి ఊది, ఎటు బయటికొస్తుందో ముందే పసిగట్టి పట్టేస్తారు. గట్టు చూసి ఏ బొక్కలో ఎలక ఉంది, ఏది ఖాళీ అని చెప్పగలరు. ఇప్పుడు పైన ఆ తమ్ముడు చెప్పింది చదవండి, ఈ చేప ఒడ్డు మట్టిలో బొరియ తవ్వుతుందట. మీకు కావాల్సిన మనిషి గాలం పట్టుకున్న కుర్రాడు కాదు, గట్టు చదవగలిగిన యానాది. వాళ్ల ఆడవాళ్లు కూడా మడుగుల్లోకి దిగి బురదలో చేత్తో తడిమి చేపలు పడతారు, మార్పు అనే మీసాల చేపని, కొర్రమీనుని బొరియల్లోంచి లాగేస్తారు. పెన్నా ఎండాకాలం మడుగులు మడుగులుగా మిగిలినప్పుడు నలుగురు మనుషులు ఒక వారం పని చేస్తే, గాలాలు ఏడాదంతా వేసినా పట్టలేనన్ని తీస్తారు.

డబ్బుల దగ్గర ఒక్క మాట. లెక్క చొప్పున ఇస్తే దళారి తయారవుతాడు. ఎలకల దగ్గరే చూశాను, మధ్యలో ఒక మనిషి కాలనీ అందరివీ తన పేరున లెక్క వేయించుకుని సగం మిగుల్చుకుంటాడు. రోజు కూలి కట్టి ఇవ్వండి, ఉపాధి హామీ కూలికి తగ్గకుండా, ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే కూలి. దాని మీద కిలోకి కొంచెం అదనం పెట్టండి. చేప పడినా పడకపోయినా ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలగాలి. ఇంకోటి, ఈ చేప ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుంది. మందపాటి చేతి తొడుగులు కొనిచ్చి పనిలోకి దింపండి, అది మాత్రం మర్చిపోవద్దు.

ఒంగోలు_గుండ్లకమ్మ:

మాది ఒంగోలు. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్ మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో చూసినవాణ్ణి, కాబట్టి మీ ఆలోచనకి అడ్డు చెప్పను. కానీ చేపకి ఇంత అని రేటు కడితే ఏమవుతుందో ఆలోచించుకుని దిగండి. 1902లో హనోయిలో ఫ్రెంచివాళ్లు ఎలక తోక తెస్తే డబ్బులిస్తామన్నారు. జనం తోకలు కోసి ఎలకల్ని వదిలేశారు, అవి మళ్లీ పిల్లలు పెట్టాలని. ఊరి శివార్లలో ఎలకల్ని పెంచడం కూడా మొదలుపెట్టారు. దెయ్యం చేపని పెంచడం అంతకంటే సుళువు కదా, ఒక సిమెంటు తొట్టి చాలు, అక్వేరియం షాపులో పిల్ల దొరుకుతుంది. మీరు చేపకి 20 అన్నారు, పిల్లకి అంతకన్నా తక్కువ పెట్టి కొని పెంచి మీకే అమ్మొచ్చు. కొలంబియాలో ఇందుకే ఏ రోజుకారోజు వేటకి ముందే పేరు నమోదు చేయించుకోవాలి, ఆ హద్దుల మధ్య పట్టిందే తేవాలి, వేరే చోట పట్టింది తెస్తే చెల్లదు. అంత ఏర్పాటు ఉన్నా మోసాలు జరిగాయి. కావలి మిత్రుడు చెప్పిన రోజు కూలి పద్ధతిలో ఈ బెడద చాలావరకు పోతుంది, ఎందుకంటే మీరు డబ్బులిచ్చేది ఆ చోట, ఆ రోజు, మీ కళ్ల ముందు చేసిన పనికి.

ఇంకొకటి కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇది నదిలోకి ఎలా వచ్చింది? ఇంట్లో తొట్టెలో పెరిగి పెద్దదయ్యాక చంపడానికి చేతులు రాక ఎవరో తెచ్చి వదిలారు. వరదకి గట్లు తెగినప్పుడు చెరువుల్లోంచి వచ్చింది. 2021 నవంబర్‌లో సోమశిల నుంచి ఒక్కసారిగా అంత నీరు దిగినప్పుడు కోవూరు, ఇందుకూరుపేట వైపు చేపల గుంటలు, రొయ్యల గుంటలు ఎన్ని కొట్టుకుపోయాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ గుంటల్లో ఉన్నదంతా పెన్నాలో కలిసింది. జిలేబీని 1952లో మన దేశానికి తెచ్చారు, 1959లో వద్దన్నారు, ఈ రోజు జిలేబీ లేని చెరువు చూపించండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని 2000లో నిషేధించారు, ఇప్పటికీ దొంగచాటుగా గుంటల్లో పెంచుతూనే ఉన్నారు, చెత్త కోడి పేగులు వేసి. దోమలు తింటాయని గంబూసియాని మున్సిపాలిటీలే కాలవల్లో వదిలాయి, అదీ బయటి చేపే, మన చిన్న చేపల గుడ్లు తింటుంది. ఒకవైపు నుంచి వదులుతూ ఇంకోవైపు నుంచి పట్టినవాళ్లకి డబ్బులిస్తూ ఉంటే నది ఏం బాగుపడుతుంది? అందుకని మీ చందాలో కొంత అక్వేరియం షాపుల కోసం పక్కన పెట్టండి. వద్దనుకున్న చేపని షాపులో తిరిగి ఇవ్వొచ్చని ప్రతి షాపు ముందు ఒక బోర్డు, వెనక్కి తీసుకున్న చేపకి షాపువాడికి కొంచెం డబ్బు. నదిలోకి పోయాక తీయడం కన్నా, పోకముందే ఆపడం సుళువు.

ముత్తుకూరు_విద్యార్థి:

ఒంగోలు అన్న చెప్పిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కి మాత్రం గాలం బాగా పనిచేస్తుంది, అది ఏ ఎరకైనా వస్తుంది, తిండిబోతు. జిలేబీ కూడా అంతే. కాబట్టి గాలాలేసే కుర్రాళ్లని పూర్తిగా పక్కన పెట్టాల్సిన పని లేదు, వాళ్లకి క్యాట్‌ఫిష్ పని ఇవ్వండి. కానీ ఒక జాగ్రత్త. పిల్లగా ఉన్నప్పుడు మన మార్పుని, దాన్ని పక్కపక్కన పెడితే తెలియనివాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. మార్పు ఇప్పటికే తగ్గిపోతోంది, దానిమీదే డబ్బులిచ్చామంటే అంతకన్నా అన్యాయం ఉండదు.  మన మార్పు ఆ ఆఫ్రికన్ దానంత పెద్దగా పెరగదు, కాబట్టి రెండు కిలోలు దాటినవే తీసుకుంటామని ముందే చెప్పేస్తే తప్పు జరగదు. ఇంకా, దెయ్యం చేప పనిలో మడుగులో చేప కన్నా గుడ్లున్న బొరియకి రెట్టింపు ఇవ్వండి. ఒక్క బొరియ ఖాళీ చేస్తే వచ్చే ఏడాది పట్టాల్సిన చేపలు ఆ మేరకి తగ్గుతాయి.

అలాగే మీ కార్పొరేషన్‌లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, 2002 చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఉండాలి. వాళ్లకి ఒక అర్జీ, మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో ఒక అర్జీ ఇవ్వండి. కాగితం చేతిలో ఉంటే ఒడ్డున పనిచేసే యానాదుల్ని ఎవరైనా వచ్చి బెదిరించినప్పుడు చూపించడానికి ఉంటుంది. మీకోసం కాదు, వాళ్లకోసం.

పెన్నా_ఒడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్. కాలనీ వాళ్లతో మాట్లాడాను. చేపకి 20 అనేది తీసేశాం. ఎండాకాలం మడుగుల దగ్గర రోజు కూలి మీద యానాది కుటుంబాలతో బొరియల పని, మిగతా రోజుల్లో నది మీద వలలేసేవాళ్ల దగ్గర వలలో పడిన దెయ్యం చేపల్ని కిలోల లెక్కన మేమే కొనడం, ఇలా రెండు రకాలుగా పెడదామనుకుంటున్నాం. తూకం గుడి వెనక రేవు దగ్గర, సాయంత్రం ఒక్క గంట మాత్రమే, ఆ పూట నది మీద మా వాళ్లకి కనపడినవాళ్ల దగ్గరే. వల తెగినవాళ్లకి వల దారం కొనిచ్చే డబ్బు వేరుగా పక్కన పెట్టాం, ఆ పెద్దాయనకి మొదటి దారపు ఉండ నేనే తీసుకెళ్తా. అక్వేరియం షాపులు ట్రంకు రోడ్డు వైపు ఉన్నవాటితో మొదలుపెడతాం. కానీ ఒక చిక్కు మిగిలింది. ఇన్ని చేపలు ఏం చేయాలి? ఇక్కడ ఎవరూ తినరు, రేవులో కుప్ప పోస్తే కుక్కలు, వాసన, గుడికొచ్చేవాళ్లు తిడతారు.

కోవూరు_రైతు:

పారేయొద్దు, మాకు ఇవ్వండి. మేం కొంతమందిమి ప్రకృతి సేద్యంలో మీనామృతం వాడతాం. చేప ముక్కలు, బెల్లం సమానంగా డ్రమ్ములో వేసి మూత బిగించి మూడు వారాలు పైన పులియబెడితే పల్చటి ద్రావణం దిగుతుంది, వడకట్టి నీళ్లలో కలిపి కొడితే మొక్క పచ్చగా లేస్తుంది. పెంకు గట్టిగా ఉంటుంది కాబట్టి కొడవలితో కాదు, కొబ్బరికాయలు కొట్టే కత్తితో నరకాల్సిందే. తల, పెంకులు డ్రమ్ములోకి వద్దు, గుంట తీసి పూడ్చి పైన సున్నం చల్లితే ఎరువైపోతాయి. ఊరి మురుగు నీళ్లలో పెరిగిన చేప కాబట్టి ఆకుకూరలకి, పెరటి కూరగాయలకి నేను వాడను, మల్లె తోటకి, నిమ్మ చెట్లకి వాడుకుంటా. కిలోకి మీరిచ్చే దాంట్లో సగం నేను ఇస్తా, బండి కూడా నేనే పంపిస్తా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి మీ వాళ్లకి. తూకం వేసే ముందే తల మీద ఒక్క దెబ్బ వేసి చంపేయాలి. అది గాలి పీల్చుకుని గంటల తరబడి బయట బతుకుతుంది. గోతాంలో వేసి బతికి ఉండగానే బండెక్కించి పంపితే దారిలో ఏ కాలవ పక్కనో జారిపడిందంటే మా ఊరి చెరువుకి కూడా మీరే పంపినట్టవుతుంది.